క్రాకోలో నా సంతకం చెల్లదట

జురాంగ్ వెస్ట్, సింగపూర్.
నవంబరు, 2006.

శ్రీయుత జనార్ధనరావు గారికి,
ప్రాంతీయ బదిలీల అధికారి,
తంజోంగ్ పగార్ ఆఫీసు.

అయ్యా,

విషయం: మా అమ్మాయి చి॥సౌ॥ ఆమనిని తమరు అవివాహితగా భావించి పోలండు దేశం, క్రాకో నగరానికి బదిలీ చేసినందున, సదరు ఆమని వివాహిత అని తెలియజేసుకుంటూ, బెల్జియం దేశం, బ్రస్సెల్స్ నగరానికి మార్చవలసిందిగా కోరుట గురించి.

సూచిక: (1) ఆమనికి తమరు పంపిన మెయిలు. (2) మా ఇంట్లో గోంగూర పచ్చడి మళ్లీ మళ్లీ వడ్డించుకుంటూ తమరు స్వయంగా చెప్పిన తమరి పెళ్లి సర్టిఫికెట్టు కథ.

పై విషయమై, పశ్చిమ గోదావరి జిల్లాలో సబ్ రిజిస్ట్రారుగా పనిచేసి రిటైరైన శ్యామలాదేవి అను నేను మనవి చేసుకునేది ఏమనగా, ఈ అర్జీని కావాలనే తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో రాస్తే తమరు చదవకుండా లీగల్ వాళ్ల మీదికి తోసేస్తారు, వాళ్లు ఇంకెవరి మీదికో తోస్తారు. తమరి అంతస్తులో కూర్చున్న అధికారుల్లో తెలుగు వచ్చినవారు తమరొక్కరే కాబట్టి ఇది తమరే చదవక తప్పదు. కాగితం ఎవరి బల్ల మీద ఆగాలో ముందే చూసుకుని పెట్టడం మా శాఖలో చేరినవాళ్లకు మొదట వచ్చే విద్య.

1. ఆమని తమ కంపెనీలో టెస్టింగ్ లీడ్. క్రాకోలో కొత్త సెంటరు తెరుస్తున్నారని, మూడేళ్లు అక్కడ ఉండాలని తమరు ఉత్తర్వు ఇచ్చారు. అదే వారం, అదే హోదాలో ఉన్న లోహిత్‌ను బ్రస్సెల్స్‌కు వేశారు. ఇదేమిటని ఆమని అడిగితే తమరు సెలవిచ్చిన మాట ఇది: "లోహిత్ ఫ్యామిలీ మ్యాన్ కదమ్మా. నీకేముంది, సింగిల్, ఫ్రీ బర్డ్‌వి. ఎక్కడికైనా ఎగిరిపోతావ్."

ఆమని అక్కడికక్కడే చెప్పింది. తనకు పెళ్లయిందని, శ్రీలేఖతో అయిందని, డెల్ఫ్ట్ నగరంలో అయిందని. సర్టిఫికెట్టు బల్ల మీద పెట్టింది. తమరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇక్కడ చెల్లదు కదా" అన్నారట. మర్నాడు మెయిలు వచ్చింది. అందులో జీవిత భాగస్వామి అన్న చోట, "వర్తించదు" అని ఉంది.

అయ్యా, నా సర్వీసులో నేను ఎన్నో దస్తావేజులు తిప్పి పంపాను. హద్దులు సరిగా లేవని పంపాను, స్టాంపు చాలదని పంపాను, సాక్షి తాగి వచ్చాడని కూడా పంపాను. ఇంట్లో తిరుగుతున్న మనిషిని వర్తించదని రాసే ధైర్యం మాత్రం నాకు ఏనాడూ రాలేదు. అందుకే కాబోలు నేను సబ్ రిజిస్ట్రారుగానే రిటైరయ్యాను, తమరు ప్రాంతీయ అధికారి అయ్యారు.

శ్రీలేఖ తమరికి కొత్త కాదు. ప్రొద్దుటూరు పిల్ల. డెల్ఫ్ట్‌లో నీటి మీద పరిశోధన చేసింది, ఇప్పుడు ఇక్కడ యూనివర్సిటీలో అదే పని చేస్తోంది. తమరు భోజనానికి వచ్చిన ప్రతిసారీ మజ్జిగ అందించేది ఆమే. మొన్నామధ్య గ్లాసు అందుకుంటూ తమరు, "ఏమ్మా, ఇంకా రూమ్మేట్సేనా? అద్దె కలిసొస్తుందనా?" అని నవ్వారు. "బాడుగ ఒక్కటే కలిసొచ్చేదానికైతే యింత కష్టం యెందుకులే అంకుల్" అంది ఆ పిల్ల. తమరికి అర్థం కాలేదు. మజ్జిగ ఇంకొంచెం పొయ్యమన్నారు.

2. పెళ్లి నిజంగా జరిగిందా అన్న సందేహం తమరికి అక్కరలేదు. జరిగింది. నేను చూశాను. చూడటమేమిటి, సాక్షి సంతకం పెట్టాను.

డెల్ఫ్ట్ పురపాలక భవనంలో రిజిస్ట్రారు ఒక నడివయసు ఆవిడ. నేను పెళ్లికూతురి తల్లిలా కూర్చోలేదు, తనిఖీకి వచ్చిన పై అధికారిలా కూర్చున్నాను. ఎక్కడ తప్పు దొరుకుతుందా అనే చూశాను. ఆవిడ పాస్‌పోర్టులు తీసి ముఖాలతో సరిచూసింది. తర్వాత ఒక్కొక్కరినీ విడివిడిగా, ఈమెను నీ ఇష్టపూర్తిగా చేసుకుంటున్నావా అని అడిగింది. ఆమని సిగ్గుపడి ఏదో గొణిగింది. నాకు వినపడలేదు, గట్టిగా చెప్పు అంది ఆవిడ. గట్టిగా చెప్పేదాకా కలం ముట్టుకోలేదు. మన దగ్గర ముహూర్తం మించిపోతోందని తొందరే గాని, ఇలా ఆగి అడిగినవాళ్లను నేను చూడలేదు.

శ్రీలేఖ వాళ్ల అవ్వ ఇచ్చిన పసుపు కొమ్ములు తెచ్చుకుంది. ఎవరు ఎవరికి కట్టాలో తేలక ఇద్దరూ నా వైపు చూశారు. దీనికి నిబంధన లేదు, మీ ఇష్టం అన్నాను. చెరొకటి కట్టుకున్నారు. ఆ డచ్చి ఆవిడ కొమ్ము వాసన చూసి బాగుందంది. నన్ను సంతకం పెట్టమంటే నా ఉద్యోగమంతా పెట్టినట్టే తెలుగులో పెట్టాను. ఆవిడ అభ్యంతరం చెప్పలేదు. ఆ సంతకాన్నే తమరు ఇప్పుడు చెల్లదంటున్నారు.

3. తమరి మెయిలు చివర ఒక ఓదార్పు వాక్యం కూడా ఉంది. క్రాకో అయినా బ్రస్సెల్స్ అయినా అంతా యూరపే కదా, పెద్ద తేడా ఏముంటుంది అని. బదిలీల అధికారికి భూగోళం ఇంత తేలికైపోవడం చూసి నాకు ముచ్చటేసింది. తేడా ఏముందో నేనూ ఆమనీ కూర్చుని లెక్క కట్టాం. తమరి జ్ఞానం కోసం కింద పొందుపరుస్తున్నాను.

నెదర్లాండ్స్‌లో ఇది పెళ్లి. పక్కనే బెల్జియంలో పెళ్లి. స్పెయిన్‌లో నిరుటి నుంచి పెళ్లి. యూరప్‌లో పెళ్లిళ్లు ఇంతటితో సమాప్తం. డెన్మార్కు వాళ్లు అందరికన్నా ముందు, పదిహేడేళ్ల కిందటే, ఇలాంటి జంటలను రిజిస్టరు చేశారు. దానికి పెళ్లి అని పేరు పెట్టడానికి మాత్రం ఇప్పటికీ నోరు రావడం లేదు. జర్మనీలో దీన్ని జీవిత భాగస్వామ్యం అంటారు. అంటే ఏమిటే అని అడిగితే, "మ్యారేజ్ లాంటిదే అమ్మా, బట్ మ్యారేజ్ కాదు" అంది ఆమని. ఫ్రాన్స్‌లో ఒక ఒప్పందం రాసుకోవచ్చు. బ్రిటనులో నిరుటి డిసెంబరు నుంచి సివిల్ భాగస్వామ్యం. డెల్ఫ్ట్‌లో భార్యలుగా విమానం ఎక్కినవాళ్లు లండనులో భాగస్వాములుగా దిగుతారు. చెక్ దేశం వాళ్లు మొన్న జూలైలో రిజిస్టరు తెరిచారు. స్విట్జర్లండు వాళ్లు ఓట్లేసి మరీ ఒప్పుకుని, జనవరి దాకా ఆగమన్నారు. ఇటలీలో లేదు, గ్రీసులో లేదు, ఐర్లండులో లేదు. పోలండు వాళ్లు పెళ్లంటే ఆడా మగా మధ్య జరిగేదని రాజ్యాంగంలోనే రాసిపెట్టుకున్నారు.

పప్పులో ఉప్పు వేశావా అని అడిగితే వేశాననో వేయలేదనో చెప్పాలి. వేసినట్టే అని ఒకరు, డబ్బా దగ్గర పెట్టామని ఒకరు, జనవరిలో వేస్తామని ఇంకొకరు చెప్పే వంటిల్లు ఈ యూరపు. వాళ్లలో చాలామంది కలిసి ఒకే నోటు అచ్చేసుకున్నారు. ఇద్దరు ఆడపిల్లలు ఒక ఇంట్లో ఉండే విషయానికి వచ్చేసరికి ఎవరి వంట వాళ్లదే. డెల్ఫ్ట్‌లో రైలెక్కి ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారనుకోండి. బెల్జియంలో భార్యలు, జర్మనీలో భాగస్వాములు, పోలండు సరిహద్దు దాటగానే ఎవరికి ఎవరూ కారు. కూర్చున్న సీటులోంచి కదలకుండానే పెళ్లాం పరాయి మనిషి అయిపోతుంది. ఇదండీ తమరు పెద్దగా ఉండదన్న తేడా.

పెద్దపల్లి అబ్బాయి లోహిత్‌ను కూడా నేను కనుక్కున్నాను. ఏమన్నాడో అతని మాటల్లోనే రాస్తున్నాను: "మాకేంది ఆంటీ, యాడైనా ఒక్కటే. మా ఆమెకు చలి యాడున్నా చలే. సార్ సరే అంటే ఇయ్యాల్నే మార్చుకుంటం." మంచి పిల్లవాడు. అంత తేలిగ్గా ఎలా అనగలిగాడంటే అతని పెళ్లి ఏ దేశంలో దిగినా పెళ్లే. దానికి వీసా అక్కరలేదు.

4. ఆమని పంపిన మెయిళ్లతో లాభం లేదని, ఒక చిన్న కాగితం రాసుకుని స్వయంగా తమరి ఆఫీసుకు వచ్చాను. కౌంటరులో కూర్చున్న చీనా అమ్మాయి నా కాగితం మీద పేరు చూసి, ఎక్కడికో ఫోను చేసి, "క్యాన్నాట్ లా, ఆంటీ" అంది. అర్జీని రెండు ముక్కల్లో కొట్టేసే ఈ పొదుపు మా శాఖకు అబ్బలేదు. మేము అదే పనికి మూడు పేజీలు రాసి, కింద ముగ్గురి చేత సంతకాలు పెట్టించేవాళ్లం.

వెనక్కి వస్తూ కింద తిండి కొట్లుండే హాకర్ సెంటరులో టీ తాగుదామని కూర్చున్నాను. మధ్యాహ్నం రద్దీ. అప్పుడు తమరు పళ్లెం పట్టుకుని వచ్చారు. నా పక్క బల్ల ఖాళీగా ఉంది, దాని మీద ఒక టిష్యూ పొట్లం ఉంది. తమరు కూర్చోబోయి, ఆ పొట్లం చూసి, "ఓ, చోప్ చేశారా" అనుకుని వెనక్కి తగ్గారు. చేతిలో వేడి చారు ఒలికిపోతున్నా ఇంకో బల్ల కోసం ఆ చివరిదాకా వెళ్లారు. నన్ను చూడలేదు, లేదా చూడనట్టు వెళ్లారు. ఈ ఊళ్లో చోటు పట్టుకునే ఆ ఆచారం నాకూ తెలుసు. టిష్యూ పొట్లం పెట్టిన చోటు పెట్టినవాళ్లది. ఎవరు పెట్టారు, ఆడా మగా, ఏ దేశం, ఏ చట్టం కింద పెట్టారు అని ఎవరూ అడగరు. ఎవరో ముక్కు మొహం తెలియని మనిషి వదిలి వెళ్లిన పొట్లానికి తమరు ఇచ్చిన మర్యాదలో సగం, రాజముద్ర ఉన్న సర్టిఫికెట్టుకు ఇచ్చి ఉంటే ఈ అర్జీ రాసే పని నాకు ఉండేది కాదు.

5. ఇక సూచికలో చూపిన రెండో అంశం. పోయిన నెలలో ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర తమరు ఇలా సెలవిచ్చారు:

"మా పెళ్లయిన ఐదేళ్లకి గాని సర్టిఫికెట్టు గొడవ రాలేదండి ఆంటీ. వీసాకి కావాలన్నారు. తీరా వెళ్లే రోజుకి మా ఆవిడకి జ్వరం. టైము లేదు. ఏం చేస్తాం, మా మరదలికి వాళ్లక్క పట్టుచీర కట్టించేసి తీసికెళ్లిపోయాం. సాక్షులంటారా, బయట కాగితాలు రాసే ఆయనొకడు, టీ కొట్టాయనొకడు. ఆఫీసరు తలెత్తి చూస్తే ఒట్టు! పావుగంటలో పనైపోయింది."

అందరూ పడీ పడీ నవ్వారు. నేను గోంగూర గిన్నె లోపలికి తీసుకెళ్లిపోయాను. తమరు దాని కోసం వెతుక్కున్నారు. తమరి శ్రీమతి ప్రభావతి గారు తలెత్తకుండా అన్నం కలుపుకుంటున్నారు.

ఆ ఆఫీసు ఏదో, ఆ తలెత్తని మహానుభావుడు ఎవరో నేను అడగలేదు, ఇక్కడ రాయను. ఒక్క విషయమే మనవి. పెళ్లికూతురే లేని ఆ సర్టిఫికెట్టు సింగపూర్లో చెల్లుతోంది, బ్రస్సెల్స్‌లో చెల్లుతుంది, క్రాకోలోనూ చెల్లుతుంది. ఇద్దరు పెళ్లికూతుళ్లున్న సర్టిఫికెట్టు యూరప్‌లో మూడంటే మూడు దేశాల్లో చెల్లుతుంది. చెల్లని పెళ్లేదో తేల్చే సీటులో మాత్రం తమరు కూర్చున్నారు. గురివింద గింజకు తన కింద ఉన్న నలుపు తెలియదంటారు. తమరు తెలిసే, దాన్ని విస్తరి ముందు కూర్చుని కథగా చెప్పారు.

ఇది బెదిరింపని తమరు అనుకోవద్దు. బెదిరించే అలవాటు మా శాఖలో లేదు. మాది నోరు తెరిచి అడిగే శాఖ.

6. ఇంతవరకూ రాసినదంతా కోపంతో రాశాను. ఇకమీదిది భయంతో రాస్తున్నాను.

పెళ్లయ్యాక ఇద్దరూ డెల్ఫ్ట్‌లో ఉండగా ఆమనికి కడుపులో నొప్పి వచ్చి ఉన్నట్టుండి ఆపరేషను చేయాల్సి వచ్చింది. నేను ఇండియాలో ఉన్నాను. శ్రీలేఖ ఫోను చేసి, "అమ్మా, సంతకం నేను పెట్టినా. డాక్టరు నన్నే అడిగె, భార్యవు నువ్వే గదా అని. నేనుండాను, నువ్వు పండుకో" అంది. అంత దూరంలో ఉండి కూడా ఆ మాట విని నేను పడుకున్నాను. క్రాకోలో అలాంటిదే జరిగితే ఆ సంతకం ఎవరు పెడతారు? తమరు పెడతారా? ఆస్పత్రి గుమ్మంలో శ్రీలేఖను ఆపి, నువ్వు ఎవరు అని అడిగితే ఆ పిల్ల ఏమని చెప్పాలి? వర్తించదు అని చెప్పాలా?

కావాలంటే ఆమె టూరిస్టుగా వచ్చి చూసి పోవచ్చని తమరు ఆమనితో అన్నారట. మ్యూజియాలూ కోటలూ బాగుంటాయన్నారట. జనార్ధనం, నా కూతురు మ్యూజియం కాదు నాయనా. ఏడాదికోసారి టికెట్టు కొనుక్కుని వచ్చి చూసి పోవడానికి.

క్షమించాలి. తమరని రాయాల్సిన చోట పేరు పెట్టి పిలిచాను. కొట్టివేయడం లేదు, ఉంచేస్తున్నాను.

ఇంట్లో సామాను సర్దుతున్నారు. ఆమనికి వంట రాదు. శ్రీలేఖ హాల్లో కూర్చుని కారప్పొడి, చింతపండు, మెంతులు విడివిడిగా పొట్లాలు కట్టి, దేనిలో ఎంత వేయాలో పొట్లం మీదే రాస్తోంది. "మూడేండ్లే గదమ్మా, యిట్టే అయిపోతాయి" అని నాకే ధైర్యం చెబుతోంది. ఆమనితో ఉద్యోగం మానేయవే అంటే, మానేస్తే ఈ దేశంలో ఉండనివ్వరని, శ్రీలేఖ కాంట్రాక్టు కూడా మార్చి నెలతో అయిపోతుందని, అప్పుడు ఇద్దరికీ నిలవడానికి చోటే ఉండదని అంటోంది. బ్రస్సెల్స్ అయితే శ్రీలేఖ భార్యగా వెంట వెళ్తుంది. ఒక్క ఊరి పేరు మార్చే పని. కలంతో కూడా కాదు, కీబోర్డుతో.

కావున తమరు దయచేసి, లోహిత్‌నూ ఆమనినీ పరస్పరం మార్చి ఉత్తర్వు ఇవ్వవలెను. మెయిలులోని "వర్తించదు" తీసివేసి అక్కడ శ్రీలేఖ పేరు రాయవలెను. ఈ రెండూ జరిగేదాకా మా ఇంటికి భోజనానికి రావద్దని కూడా కోరడమైనది. జరిగాక రావచ్చు. గోంగూర ఉంటుంది. మజ్జిగ మాత్రం ఎవరి చేతి మీదుగా తాగుతున్నారో తెలుసుకుని తాగవలెను.

చిత్తగించవలెను. చిత్తం ఎక్కడ పెట్టారో గుర్తు లేకపోతే, వెతుక్కుని మరీ చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు
(ఇది అర్జీల్లో మామూలుగా రాసే మాట. తమరి విషయంలో వర్తించదు.)
శ్యామలాదేవి,
రిటైర్డ్ సబ్ రిజిస్ట్రారు.

తా.క.: పైది రాసి సంతకం పెడుతుండగా పక్క బ్లాకు నుంచి ప్రభావతి గారు కరివేపాకు కోసం వచ్చారు. ఏం రాస్తున్నారు పిన్నిగారూ అని అడిగితే దాచడమెందుకని చదివి వినిపించాను. అయిదో అంశంలో జ్వరం అన్న చోట ఆవిడ నన్ను ఆపారు.

"జ్వరమట! నాకు జ్వరమెక్కడిదండీ! ఆ వేళ ఇంట్లోనే ఉన్నాను, బట్టలు మడతలు పెడుతున్నాను. నా చీర ఎందుకు తీస్తున్నావే అంటే, ఫొటో దిగడానికి అంది మా చెల్లి. నన్నడిగే పనేముందనుకున్నారో ఏమో, రిజిస్ట్రారు ఆఫీసుకని నాకెవరూ చెప్పలేదు. మీ ఇంట్లో భోజనాల దగ్గర ఈయన చెబుతుంటేనే నాకూ తెలిసింది."

తర్వాత ఆవిడ, డెల్ఫ్ట్‌లో ఆ రిజిస్ట్రారు ఏమని అడిగిందో మళ్లీ చెప్పమన్నారు. చెప్పాను.

"గట్టిగా చెప్పేదాకా ఊరుకోలేదా?"

"ఊరుకోలేదమ్మా."

"నన్ను పెళ్లిలోనూ ఎవరూ అడగలేదండి, సర్టిఫికెట్టులోనూ అడగలేదు" అని కరివేపాకు రెబ్బలు దూస్తూ కూర్చున్నారు. లోపల్నుంచి శ్రీలేఖ వచ్చి మజ్జిగ గ్లాసు పెట్టి వెళ్లింది. ఆవిడ ఆ పిల్ల వెళ్లినవైపే చూస్తూ, "ఆఫీసులో ఇస్తే సొరుగులో పడేస్తారండి. ఇది నేనిస్తాను" అన్నారు. నేను ఈ తాజా కలం రాయడం అయ్యేదాకా ఎదురుగా కూర్చునే ఉన్నారు.

కాబట్టి ఈ అర్జీ రేపు పొద్దున్న తమరికి టిఫిన్ బల్ల మీద, పళ్లెం ఉండాల్సిన చోట అందుతుంది. చదవడం అయ్యేదాకా పెనం మీద అట్టు వేయనన్నారు ఆవిడ. జవాబు నాకు పంపనక్కరలేదు. పొయ్యి దగ్గర ఆవిడే నిలబడి ఉంటారు. ఆవిడకు చెప్పండి. గొణగవద్దు, గట్టిగా చెప్పండి.